అరక కట్టి చూడని ఎద్దు: అణువిద్యుత్ కేంద్రాల డీజిల్ జనరేటర్ల గురించి

కొన్నేళ్ల క్రితం మే నెలలో ఒక రాత్రి గాలిదుమారం లేచి మా ఊరికి కరెంటు పోయింది. నల్లగొండ జిల్లాలోని ఒక ఆసుపత్రిలో కరెంటు పనులు, జనరేటర్ నిర్వహణ నా బాధ్యత. ఆ రాత్రి జనరేటర్ వెంటనే లేచింది, లైట్లు వెలిగాయి, నేను షెడ్డు బయట నిలబడి చెమట తుడుచుకున్నాను. సరిగ్గా ఇరవై రెండో నిమిషంలో ఇంజన్ గొంతు మారింది. ఊపిరి అందనట్టు రెండు మూడు సార్లు ఎగిసి పడి ఆగిపోయింది. పైన వార్డులో వెంటిలేటర్ తన బ్యాటరీ మీద నడుస్తుండగా, ఇంకొక మంచం దగ్గర ఒక నర్సమ్మ ఫోను లైటు వెలుతురులో చేత్తో ఊపిరి అందించే అంబు బ్యాగు నొక్కుతూ నిలబడింది. నేను కింద ఫిల్టర్ విప్పాను. గిన్నె నిండా నల్లటి జిగురు, దాని కింద వేలెడు నీరు. ట్యాంకు అడుగున ఎన్నాళ్లుగానో పేరుకున్న మడ్డి అంతా, ఇంజన్ పూర్తి బరువు మీద డీజిల్‌ను జోరుగా లాగేసరికి కదిలి వచ్చి ఫిల్టర్‌ను మూసేసింది. ఫిల్టర్ మార్చి, గాలి తీసి, మళ్లీ స్టార్ట్ చేయడానికి పందొమ్మిది నిమిషాలు పట్టింది. ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు.

మరునాడు లాగ్ బుక్ తెరిచి చూశాను. ప్రతి సోమవారం ఒకే వాక్యం ఉంది: స్టార్ట్ చేసి చూశాం, ఐదు నిమిషాలు నడిపాం, ఓకే. రెండేళ్ల సోమవారాలు, నూటికి పైగా ఓకేలు, వాటిలో చివరి నాలుగు నెలలవి నా సంతకాలే. ఆ ఓకేలలో ఏదీ అబద్ధం కాదు, ఆ ఐదు నిమిషాలు ఇంజన్ నిజంగానే నడిచింది. కానీ మేము దాన్ని అడిగిన ప్రశ్న వేరు, ఆ రాత్రి దానికి ఎదురైన ప్రశ్న వేరు. లోడు మీద పరీక్షించాలంటే మెయిన్ తీయాలి, తీస్తే రెండు క్షణాలు లైట్లు పోతాయి, స్కానింగ్ ఆగుతుంది, డాక్టర్లు కోప్పడతారు. ఎవరికీ ఇబ్బంది కలగని పరీక్షను ఎంచుకున్నాం కాబట్టే అది ఏమీ చెప్పని పరీక్ష అయింది.

ఆసుపత్రికి రాకముందు మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో పదకొండేళ్లు పనిచేశాను. అక్కడ నాకు ఇంజన్ పని నేర్పిన పెద్దాయనకు జరిగింది చెబితే ఒక్క మాట అన్నాడు: "ఎద్దును కట్టుకొయ్య కాడ చూస్తె ఏం తెలుస్తది బిడ్డా, అరక గట్టి చూడాలె." అప్పటి నుండి అత్యవసర జనరేటర్ల గురించి దొరికినదల్లా చదువుతున్నాను. ఆ చదువు నన్ను అణువిద్యుత్ కేంద్రాల దాకా తీసుకుపోయింది. ఎందుకంటే డీజిల్ ఇంజన్ లేవకపోతే జరిగే నష్టం అక్కడున్నంత పెద్దదిగా మరెక్కడా లేదు, దాన్ని ఎలా పరీక్షించాలన్న ఆలోచన కూడా అక్కడ జరిగినంత లోతుగా మరెక్కడా జరగలేదు.

మనకు సంబంధం లేని సంగతి అని ఎవరైనా అనుకుంటే అది సరికాదు. తెలంగాణ కొనే కరెంటులో కల్పాక్కం, కైగ అణుకేంద్రాల వాటా కొంత ఉంది. దేశంలోని చాలా రియాక్టర్లకు ఇంధన కట్టలు తయారయ్యేది హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో. యురేనియం తవ్వుతామన్న లంబాపూర్, పెద్దగట్టు పేర్లు నల్లగొండ వాళ్లకు, 2019లో నల్లమల యురేనియం గొడవ అమ్రాబాద్ వాళ్లకు ఎవరూ గుర్తు చేయనక్కర లేదు. అణువిద్యుత్తు కావాలా వద్దా అన్న వాదనలో నేను ఇక్కడ దిగడం లేదు. ఆ వాదనలో రెండు పక్షాలూ తేలికగా దాటిపోయే ఒక చిన్న ప్రశ్న ఉంది, అదే నా విషయం.

కరెంటు తయారుచేసే కేంద్రానికే కరెంటు ఎందుకు కావాలని చాలామంది అడుగుతారు. రియాక్టర్‌ను ఆపగానే పొయ్యి ఆర్పినట్టు వేడి ఆగిపోదు. గొలుసు చర్య ఆగినా, అప్పటికే ఏర్పడిన రేడియోధార్మిక పదార్థాలు క్షీణిస్తూ వేడిని ఇస్తూనే ఉంటాయి. ఆపిన క్షణంలో ఆ వేడి పూర్తి శక్తిలో ఆరు, ఏడు శాతం దాకా ఉంటుంది. ఒక రోజు గడిచాక కూడా అర శాతం దగ్గర ఉంటుంది. మన దేశపు 700 మెగావాట్ల రియాక్టర్ ఉష్ణశక్తి 2,100 మెగావాట్లకు పైమాటే కాబట్టి, ఒక రోజు తర్వాత మిగిలే ఆ అర శాతం కూడా 10 మెగావాట్లు దాటుతుంది. సెకనుకు నాలుగు లీటర్ల నీటిని ఆవిరి చేయగల వేడి అది. మా వైపు మంచి బోరు రెండించుల పైపు నిండా పోసే నీళ్లను రాత్రింబవళ్లు ఆవిరిగా లేపేసేటంత. ఆ వేడిని తీసుకుపోయే పంపులకు కరెంటు కావాలి, రియాక్టర్ ఆగింది కాబట్టి ఆ కరెంటు బయటి గ్రిడ్ నుండి రావాలి, గ్రిడ్ కూడా పోతే మిగిలేది డీజిల్.

మన అణుకేంద్రాల్లో కరెంటును నాలుగు తరగతులుగా విభజిస్తారు. గ్రిడ్ మీద ఆధారపడేది నాలుగో తరగతి, డీజిల్ జనరేటర్లు నిలబెట్టేది మూడో తరగతి, ఇన్వర్టర్ల మీద నడిచేది రెండో తరగతి, బ్యాటరీల నుండి వచ్చే డీసీ ఒకటో తరగతి. అంకె తగ్గేకొద్దీ నమ్మకం పెరుగుతుంది. కానీ బ్యాటరీలు గంటల లెక్కన బతుకుతాయి. రోజుల లెక్కన బతికించాల్సింది డీజిలే.

అక్కడి ఇంజన్ చేయాల్సిన పని మా ఆసుపత్రి ఇంజన్ పనికన్నా చాలా కఠినమైనది. సంకేతం అందిన పది సెకన్ల ప్రాంతంలో, చల్లగా పడుకున్న స్థితి నుండి లేచి, పూర్తి వేగాన్నీ వోల్టేజీనీ అందుకోవడం చాలా కేంద్రాల్లో నియమం. అందుకున్న వెంటనే పంపులు ఒక్కొక్కటిగా కొన్ని సెకన్ల తేడాతో దాని మీద ఎక్కుతాయి. పెద్ద మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలు కన్నా ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. మిల్లులో ఎలివేటర్ మోటారు వేసినప్పుడు లైట్లు మసకబారడం చూసిన వాళ్లకు ఇది తెలుసు. అమెరికా నియంత్రణ సంస్థ మార్గదర్శకం ప్రకారం ఆ ఎక్కింపులో ఏ దశలోనూ వోల్టేజీ 75 శాతం కన్నా, ఫ్రీక్వెన్సీ 95 శాతం కన్నా కిందికి పోకూడదు.

ఇక పరీక్షల సంగతి. అమెరికా కేంద్రాల్లో సాధారణంగా నెలకొకసారి ఒక్కో ఇంజన్‌ను స్టార్ట్ చేసి, 90 నుండి 100 శాతం లోడు మీద కనీసం గంట సేపు నడుపుతారు. మా సోమవారం ఐదు నిమిషాలతో పోలిస్తే ఇది ఎంతో మేలు. ఖాళీగా తిరిగే డీజిల్ ఇంజన్‌లో సిలిండర్ తగినంత వేడెక్కదు, నూనె పూర్తిగా కాలదు, కాలని నూనె మసితో కలిసి ఎగ్జాస్ట్ పైపు జాయింట్ల దగ్గర నల్లటి తడిగా కారుతుంది. మా ఇంజన్ జాయింటు దగ్గర ఆ తడిని నేను నెలల తరబడి గుడ్డతో తుడిచాను. అది రోగ లక్షణమని అప్పుడు నాకు తట్టలేదు.

అయితే నెలనెలా జరిగే ఆ గంట పరీక్షలోనూ ఒక లోపం ఉంది. అంత లోడు ఇవ్వడానికి జనరేటర్‌ను గ్రిడ్‌తో కలిపి నడుపుతారు. గ్రిడ్ చాలా పెద్దది కాబట్టి ఫ్రీక్వెన్సీని అదే పట్టి ఉంచుతుంది, ఇంజన్ దానితో పాటు ఊరికే నెడుతుంది. వెనక నుండి నాన్న పట్టుకున్న సైకిల్‌ను పిల్లవాడు తొక్కినట్టే. తొక్కే బలం తెలుస్తుంది, నిలదొక్కుకోవడం వచ్చో రాదో తెలియదు. ఒంటరిగా, ఒక్కొక్క మోటారు మీద పడుతుంటే డీజిల్‌ను ఎక్కువ తక్కువ చేసి ఇంజన్‌ను అదుపు చేసే గవర్నర్ అనే భాగం వేగాన్ని నిలబెట్టగలదా అన్నది ఆ పరీక్షలో తేలదు. అందుకే ఇంధనం మార్చే విరామంలో, గ్రిడ్ పోయినట్టు నిజంగానే సృష్టించి, ఇంజన్ తనంతట తాను లేచి, బ్రేకర్ తనంతట తాను మూసుకుని, పంపులు వరుసగా ఎక్కేదాకా మొత్తం గొలుసును పరీక్షిస్తారు. దానికి తోడు 24 గంటల పరుగు ఉంటుంది, అందులో రెండు గంటలు నూరు శాతానికి మించిన లోడుతో. ఆ పరుగు ముగిసి ఆపిన కొద్ది నిమిషాల్లోనే, ఇంకా కాలుతున్న ఇంజన్‌ను మళ్లీ లేపి చూస్తారు. మా ట్యాంకు మడ్డిని బయటపెట్టింది ఇరవై రెండో నిమిషమే కదా. ఐదు నిమిషాల్లో కనిపించనిది గంటలో, గంటలో కనిపించనిది రోజులో కనిపిస్తుంది.

పూర్తి బరువు మీద పరీక్షించడం వల్ల ఎంత మేలో 1983 ఆగస్టులో న్యూయార్క్ దగ్గరి షోరమ్ కేంద్రంలో తెలిసింది. ఇంకా ప్రారంభం కాని ఆ కేంద్రంలో పరీక్ష జరుగుతుండగా ఒక జనరేటర్ ఇంజన్ ప్రధాన ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్ట్, విరిగింది. మిగతా రెండు ఇంజన్లు విప్పి చూస్తే వాటి క్రాంక్ షాఫ్టుల్లోనూ పగుళ్లు ఉన్నాయి. దాంతో అదే కంపెనీ ఇంజన్లు కొనుక్కున్న కేంద్రాలన్నీ తమవి విప్పి చూసుకోవాల్సి వచ్చింది.

దీనికి అవతలి వైపు వాదన కూడా బలమైనదే, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. పరీక్షే యంత్రాన్ని తినేస్తుందన్నది ఆ వాదన. అమెరికాలో ఒక దశలో చల్లటి ఇంజన్లను పది సెకన్లలో పూర్తి వేగానికి లేపే పరీక్షలు ఎడతెరిపి లేకుండా చేయించారు. ఒకటి తప్పితే ఇంకా తరచుగా చేయాలనే నియమం. నూనె ఇంకా బేరింగులకు చేరకముందే వేగం అందుకోవడం వల్ల ఇంజన్లు అరిగిపోయాయి, అరిగినవి పరీక్ష తప్పాయి, తప్పినందుకు పరీక్షలు పెరిగాయి. 1984లో అక్కడి నియంత్రణ సంస్థే లేఖ రాసి ఆ చల్లటి వేగపు స్టార్టులను తగ్గించమంది. ముందుగా నూనె తిప్పి, మెల్లగా లేపే పరీక్షలకు అనుమతి వచ్చింది. ఇది సరైన నిర్ణయమే. జ్వరం వచ్చిందో లేదో చూడటానికి మనిషిని రోజూ ఎండలో పరిగెత్తించం.

కానీ ఆ సౌకర్యంలోంచే ఇంకొక జబ్బు పుట్టింది. పరీక్షకు ముందు ఇంజన్‌ను చేత్తో తిప్పి చూడటం, వాల్వులు కదిపి చూడటం, రిలేలు తుడవడం, ఆపైన పరీక్ష చేసి ఓకే రాయడం. ఇన్‌స్పెక్షన్‌కు ముందు రోజు బడికి సున్నం వేసినట్టు. కరెంటు పోయే ముందు ఎవరూ వచ్చి వాల్వు కదిపిపోరు. పరీక్షకు ముందు చేసే సిద్ధబాటులో ఇంజన్ ఆయుష్షు కోసం చేసేది ఏది, ఫలితం కోసం చేసేది ఏది అన్నది విడదీయాలి. నూనె తిప్పడం మొదటిది, ఇరుక్కుపోయే అలవాటున్న వాల్వును ముందే తట్టి వదులు చేయడం రెండోది. ఇంజన్ ఏ స్థితిలో దొరికితే ఆ స్థితిలోనే పరీక్షించి, దొరికింది దొరికినట్టు రాయాలి.

రాయడం ఎందుకంత ముఖ్యమో లెక్క చెబుతుంది. 1988లో అమెరికా తెచ్చిన నిబంధన కింద, కేంద్రాలు తమ డీజిళ్ల విశ్వసనీయతకు 95 లేదా 97.5 శాతం లక్ష్యాన్ని ఎంచుకోవాలి. అంటే 100 సార్లు పిలిస్తే కనీసం 95 సార్లు పలకాలి. ఒక ఇంజన్ ఆ స్థాయిది అని 95 శాతం ధీమాతో చెప్పాలంటే, అది ఒక్కసారి కూడా తప్పకుండా వరుసగా 59 సార్లు లేచి లోడు మోయాలి. నెలకొక పరీక్ష చొప్పున అది ఐదేళ్లకు ఒక నెల తక్కువ. 97.5 శాతానికైతే 119 సార్లు, పదేళ్లకు ఒక నెల తక్కువ. ఇంత నెమ్మదిగా కూడబెట్టుకునే నమ్మకంలో, ఒక్క వైఫల్యాన్ని "ఇది లెక్కలోకి రాదు, సెన్సార్ తప్పు" అని పక్కన పెడితే, మనం దాచింది ఒక సంఘటన కాదు, ఏళ్ల తరబడి పోగుచేసిన సాక్ష్యాన్ని చెరిపేశాం.

సెన్సార్ తప్పును చిన్నదనుకునే వాళ్లు అమెరికాలోని వోగ్టిల్ కేంద్రం సంగతి తెలుసుకోవాలి. 1990 మార్చి 20న, బయటి లైన్లు వచ్చి కలిసే స్విచ్‌యార్డులో వెనక్కి వస్తున్న ఒక ట్రక్కు లైను స్తంభాన్ని గుద్దడంతో బయటి కరెంటు పోయింది. మొదటి యూనిట్ ఇంధనం మార్చే విరామంలో ఉంది, రెండు డీజిళ్లలో ఒకటి మరమ్మతు కోసం విప్పి ఉంది. రెండోది లేచి, నిమిషంన్నర తిరగకముందే ఆగింది. మళ్లీ లేపితే మళ్లీ ఆగింది. ఇంజన్ బాగానే ఉంది, చల్లబరిచే నీరు వేడెక్కిందని కాపలా సెన్సార్లు తప్పుగా అరిచాయని తర్వాతి విచారణలో తేలింది. ఆ కాపలాలను పక్కన పెట్టే అత్యవసర రీతిలో స్టార్ట్ చేసేసరికి 36 నిమిషాలు గడిచాయి. నియంత్రణ పరికరాలు, గాలి వాల్వులు, రిలేలు, బ్రేకర్లు అన్నీ కలిస్తేనే జనరేటర్. ఇనుము ముద్ద ఒక్కటే కాదు.

దక్షిణ కొరియాలోని కోరి 1వ యూనిట్‌లో 2012 ఫిబ్రవరి 9న 12 నిమిషాల పాటు కరెంటు పూర్తిగా పోయింది. అప్పుడు కూడా ఒక డీజిల్ మరమ్మతులో ఉంది, రెండోది గాలితో స్టార్టయ్యే వ్యవస్థలోని వాల్వు లోపం వల్ల లేవలేదు. దాన్ని అక్కడి వాళ్లు నెలకు పైగా బయటికి చెప్పకుండా దాచారు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆ 12 నిమిషాలు కాదు, ఆ నెల రోజులు.

ఇక "మాకు ఒకటి కాదు, రెండున్నాయి, నాలుగున్నాయి" అనే సమాధానం. ఒక్కొక్కటీ 100కు 5 సార్లు తప్పే రెండు ఇంజన్లు ఒకేసారి తప్పే అవకాశం 400కు ఒకటి అని కాగితం మీద వస్తుంది. ఆ లెక్క రెండూ దేనికది అయినప్పుడే నిజం. మా ఆసుపత్రికి రెండో జనరేటర్ ఉండి ఉంటే దానికీ అదే ట్యాంకు డీజిల్, అదే లాగ్ బుక్, అదే నేను. అంకె రెండైనా కారణం ఒకటే.

2017లో ఫ్రాన్సులో 1,300 మెగావాట్ల తరగతికి చెందిన 20 రియాక్టర్లలో, డీజిల్ జనరేటర్ల అనుబంధ పరికరాలు భూకంపాన్ని తట్టుకోలేని విధంగా బిగించి ఉన్నాయని బయటపడింది. ఒకే లోపం అన్నింటిలోనూ. ఫుకుషిమాలో 2011 మార్చి 11న భూకంపానికి బయటి లైన్లు తెగగానే డీజిళ్లు లేచి, సునామీ వచ్చేదాకా ముప్పావు గంటకు పైగా బాగానే నడిచాయి. నీళ్లు వచ్చాక, ఉన్న 13లో కరెంటు ఇవ్వగలిగింది 6వ యూనిట్‌లోని గాలితో చల్లబడే ఒక్క ఇంజనే. 5, 6 యూనిట్లను కాపాడింది అదే. మరో రెండు గాలితో చల్లబడే ఇంజన్లు మునగలేదు, కానీ వాటి స్విచ్ పానెళ్లు నేలమాళిగలో మునిగాయి. ఏ నెలవారీ పరీక్షా దీన్ని పట్టుకోలేదు. పరీక్ష అనేది యంత్రాన్ని ప్రశ్నిస్తుంది. అది ఎక్కడ నిలబడి ఉంది, దాని పక్కన ఏముంది అన్న ప్రశ్న మనమే అడగాలి.

మన దేశంలో ఈ పాఠం అంతకు 18 ఏళ్ల ముందే ఉంది. 1993 మార్చి 31 తెల్లవారుజామున ఉత్తరప్రదేశ్‌లోని నరోరా మొదటి యూనిట్‌లో టర్బైన్ బ్లేళ్లు విరిగి, హైడ్రోజన్, నూనె అంటుకున్నాయి. మంట కేబుళ్ల వెంట పాకింది. అసలు సరఫరా కేబుళ్లు, ప్రత్యామ్నాయ సరఫరా కేబుళ్లు తగినంత ఎడం లేకుండా ఉండడంతో అన్నీ కలిసి కాలాయి. 17 గంటల పాటు యూనిట్ చీకట్లో ఉంది. రియాక్టర్ వేడిని తీసుకుపోయే ఆవిరి జనరేటర్లకు నీరు అందించింది విద్యుత్తుతో పని లేకుండా నేరుగా డీజిల్ ఇంజన్‌తో నడిచే అగ్నిమాపక పంపులు. ఆపరేటర్లు టార్చిలైట్లతో చీకట్లోకి ఎక్కి గొలుసు చర్య మళ్లీ మొదలవకుండా ఆపే బోరాన్ వాల్వులు చేత్తో తెరిచారు. వాళ్ల తెగువకు నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ తెగువ అవసరం పడిందంటే అంతకు ముందు కాగితం మీద ఎక్కడో ఓకే అని రాసి ఉంటుందనే నా అనుభవం. మా ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో 2020 ఆగస్టు 20 రాత్రి మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. అది అణుకేంద్రం కాదు, కారణాలూ వేరు. అయినా పొగ నిండిన చీకటి విద్యుత్ కేంద్రం లోపల ఎలా ఉంటుందో ఈ జిల్లాల కరెంటు పనివాళ్లకు ఒకరు చెప్పాల్సిన అవసరం లేదు.

అందుకే అణుకేంద్రం గురించి ఎక్కడ మాట్లాడినా, ఎన్ని జనరేటర్లున్నాయని అడగడం మానేయాలని నా వాదన. అడగాల్సినవి వేరే ఉన్నాయి. చివరిసారి పూర్తి లోడు మీద ఎంతసేపు నడిపారు? గ్రిడ్ తోడు లేకుండా ఎప్పుడు నడిపారు? పరీక్షకు ముందు ఏమేం ముట్టుకున్నారు? చివరి 20 స్టార్టుల్లో, 50 స్టార్టుల్లో ఎన్ని తప్పాయి, ఎందుకు తప్పాయి, వాటిలో ఎన్నింటిని లెక్కలోంచి తీసేశారు? ఈ జవాబులు ఒక్కో ఇంజన్ వారీగా, సామాన్యుడు చదవగలిగే భాషలో, తెలుగులో కూడా, జనం ముందు ఉండాలి. జాబితాలో ఒక్క వైఫల్యం కూడా లేని కేంద్రాన్ని చూస్తే నాకు ధైర్యం రాదు. మా రెండేళ్ల లాగ్ బుక్‌లోనూ ఒక్కటి లేదు.

ఆసుపత్రిలో ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం ఉదయం ఆరింటికి మెయిన్ తీసేస్తాం. ఏ ఆదివారమో వార్డులకు తెలుసు, షెడ్డులోని కుర్రవాడు మాత్రం ఇంజన్‌ను ముందుగా ముట్టుకోడు. గంటన్నర సేపు ఆసుపత్రి మొత్తం దాని మీదే నడుస్తుంది. ట్యాంకు అడుగు నీటిని అంతకు ముందు కాదు, పరీక్ష అయ్యాకే గాజు సీసాలోకి తీసి, తేదీ రాసి కిటికీలో పెడతాం. మొదట్లో కోప్పడిన పెద్ద డాక్టరమ్మ ఇప్పుడు తానే వచ్చి సీసా ఎత్తి వెలుతురులో చూస్తారు. గత నెల పేజీలో ఇలా ఉంది: పది సెకన్లకు బదులు పద్నాలుగు సెకన్లు పట్టింది, బ్యాటరీ టెర్మినల్‌కు తుప్పు; 41వ నిమిషంలో రేడియేటర్ కింది హోస్ కారింది, ఆపి మార్చాం, మళ్లీ మొదటి నుండి గంటన్నర నడిపాం. ఫలితం అన్న గడిలో "ఫెయిల్" అని ఉంది. దాని కింద నా సంతకం.